గ్రామీణ సంఘానికి కన్సల్టెంటును నియమించుకోవడం, పని చేయించుకోవడం

పల్నాడు వైపు మిర్చి రైతుల కంపెనీ ఒకదానికి డైరెక్టరుగా ఉన్న పెద్దాయన, స్పైరల్ బైండింగ్ చేయించిన ఒక లావుపాటి నివేదికను గుంటూరులో మా ఇంటికి తెచ్చి నా ముందు పెట్టారు. కళ్లాలు, గ్రేడింగ్ షెడ్డు కట్టుకోవడానికి బ్యాంకు అప్పు కోసం ఒక కన్సల్టెంటు తయారుచేసి ఇచ్చిన డీపీఆర్ (సవివర ప్రాజెక్టు నివేదిక) అది. పద్నాలుగో పేజీలో "జీడిగింజల తేమ శాతం" అని ఒక పట్టిక ఉంది. ఎక్కడో జీడి ప్రాసెసింగ్ కోసం రాసిన నివేదికలో జీడి తీసి మిర్చి పెట్టుకుంటూ వచ్చి, ఆ ఒక్క చోట మరిచిపోయారు. నివేదిక మొత్తం ఇంగ్లీషులో ఉండడం వల్ల డైరెక్టర్లలో ఎవరూ చదవలేదు, చదివినవారు బ్యాంకు మేనేజరు ఒక్కరే. అప్పటికి ఫీజు పూర్తిగా చెల్లించేశారు.

ఆ కన్సల్టెంటును తప్పుపట్టడం తేలికే. కాని ఆ కంపెనీ వారు తమకు ఏమి కావాలో ఎక్కడా రాసి ఇవ్వలేదు, పనిలో తమవారిని ఒక్కరినీ జత చేయలేదు, చేతికి వచ్చినదాన్ని చదివించుకోలేదు. గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల ఊళ్లలోని గ్రామ సమాఖ్యలు, మ్యాక్స్ (పరస్పర సహాయక సహకార) సంఘాలు, రైతు ఉత్పత్తిదారుల కంపెనీలు, చేనేత సంఘాలు, వీటికి వెన్నుదన్నుగా ఉండే స్వచ్ఛంద సంస్థలు కన్సల్టెంటును పెట్టుకోవాలని అనుకున్నప్పుడు ఆ మూడు పనులనూ ఎలా చేసుకోవాలో, ఈ సంఘాల లెక్కల మధ్య చాలా ఏళ్లు తిరిగిన అనుభవంతో ఇక్కడ రాస్తున్నాను.

ముందు ప్రశ్న, తరువాత మనిషి

సంఘంలో కన్సల్టెంటు మాట సాధారణంగా డబ్బు రాబోతున్నప్పుడో, వస్తున్న డబ్బు ఆగిపోయినప్పుడో వినిపిస్తుంది. రెండు సందర్భాలలోనూ తొందర ఉంటుంది కనుక తెలిసినవారు ఎవరి పేరు చెబితే వారికే పని అప్పగించేస్తారు. అంతకంటే ముందు పాలకవర్గం ఒక పూట కూర్చొని, తమకు సమాధానం కావలసిన ప్రశ్న ఏమిటో ఒకటి రెండు వాక్యాలలో, సభ్యులు మాట్లాడుకునే మాటలలోనే రాసుకోవాలి. చూడడానికి ఇది చిన్న పనే అయినా నా లెక్కలో మొత్తం వ్యవహారంలో సగం విలువ దీనిదే.

కొల్లిపర మండలంలో ఒక గ్రామ సమాఖ్య సమావేశానికి వెళ్లినప్పుడు జరిగినది చెబుతాను. ఎజెండాలో "మార్కెటింగ్ కన్సల్టెంటు నియామకం" అని రాసి ఉంది. అధ్యక్షురాలు లేచి, "మా పసుపుకు రేటు రావడం లేదండీ, మార్కెటింగ్ తెలిసినవాళ్లను ఎవరినైనా చూసిపెట్టండి" అన్నారు. గోడవార కూర్చున్న ఒక పెద్దావిడ ఊరుకోలేదు. "రేటు సంగతి తరవాత చూద్దాం గానీ, ఉడకబెట్టిన పసుపు ఆరబొయ్యడానికి మనకు చోటేదమ్మా? రోడ్డు మీద పోస్తే మట్టి పడుతోంది. దుగ్గిరాల యార్డులో కొమ్ము విరిచి చూసి, పచ్చి ఉందంటూ రేటు కోస్తున్నారు" అంది. దాంతో సభ దారి మారింది. ఎవరి పొలం ఎంత, ఎవరి పసుపు ఎక్కడ ఆరుతోంది, పాలిష్ పట్టించడానికి ఎంత దూరం పోతున్నారు అని ఒక్కొక్కరే చెప్పుకుంటూ వచ్చారు. గంటన్నర తరువాత తీర్మానం పుస్తకంలో రాసిన ప్రశ్న ఇది: "మన సభ్యుల పసుపు అంతా ఒకేచోట ఆరబెట్టి పాలిష్ పట్టాలంటే ఎంత స్థలం, ఎంత పెట్టుబడి కావాలి, ఏటా ఆ ఖర్చు గిట్టుబాటు కావాలంటే కనీసం ఎన్ని క్వింటాళ్లు రావాలి?" ఈ ప్రశ్నకు మార్కెటింగ్ నిపుణుడి అవసరం చాలా తక్కువ. పసుపు తయారీ తెలిసి, లెక్క వేయగల మనిషి చాలు.

ప్రశ్న రాసుకున్న తరువాత, దానికి డబ్బు ఇచ్చి సమాధానం తెచ్చుకోవలసిన అవసరం నిజంగా ఉందా అని చూడాలి. సహకార చట్టాల గురించిన సందేహాలకు జిల్లా సహకార అధికారి కార్యాలయం, పొదుపు సంఘాల రికార్డుల గురించి వెలుగు (పొదుపు సంఘాల ప్రభుత్వ కార్యక్రమం) కార్యాలయంలోని ఏపీఎం (అసిస్టెంట్ ప్రాజెక్టు మేనేజరు), పంటల విషయంలో గుంటూరు దగ్గర లాంలోని కృషి విజ్ఞాన కేంద్రం, ప్రకృతి సేద్యం గురించి గుంటూరులో ఉన్న రైతు సాధికార సంస్థ, అప్పులు, పథకాల గురించి నాబార్డు జిల్లా అభివృద్ధి మేనేజరు ఉన్నారు. వీరి దగ్గర ఫీజు ఉండదు. ఒక్కొక్కసారి రెండు మూడు సార్లు తిరగవలసి వస్తుంది, అంతే. లెక్కల పుస్తకాలు సరిగా లేవన్నది మీ సమస్య అయితే దానికి కన్సల్టెంటు వద్దు, మంచి బుక్ కీపరును చూసుకోండి. వారం వారం సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో తిరిగి చెల్లింపు, పుస్తకాల నిర్వహణ అనే పంచసూత్రాలు కుంటుపడిన సంఘానికి ఎంత గొప్ప వ్యాపార ప్రణాళిక రాయించి తెచ్చినా అది బీరువాలోనే ఉండిపోతుంది.

ఎఫ్‌పీఓల (రైతు ఉత్పత్తిదారుల సంస్థల) విషయంలో ఇంకొక సంగతి ఉంది. 2020లో కేంద్ర ప్రభుత్వం 10,000 ఎఫ్‌పీఓల పథకం ప్రారంభించినప్పుడు, కొత్త సంఘాలకు అయిదేళ్ల పాటు చేదోడుగా ఉండడానికి సీబీబీఓ (క్లస్టర్ ఆధారిత వ్యాపార సంస్థ) అనే పేరుతో సంస్థలను నియమించే ఏర్పాటు అందులోనే ఉంది. నిర్వహణ ఖర్చులకు మూడేళ్లలో ఒక్కొక్క ఎఫ్‌పీఓకు గరిష్ఠంగా 18 లక్షల రూపాయలు, సభ్యుల వాటా ధనానికి జోడింపుగా ఒక్కొక్క రైతుకు 2,000 రూపాయల వరకు, మొత్తం మీద 15 లక్షలకు మించకుండా ఈక్విటీ గ్రాంటు కూడా అందులో పెట్టారు. మీ కంపెనీ ఈ పథకం కింద ఏర్పడినదైతే, సీబీబీఓ ఉచితంగా చేయవలసిన పనికి బయటి మనిషికి మళ్లీ ఫీజు కట్టే ముందు, వారు ఏయే పనులకు బాధ్యులో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

మీ సంఘం ఏ చట్టం కింద ఉంది?

ఈ ప్రశ్నకు పాలకవర్గంలో అందరూ ఒకే సమాధానం చెప్పలేకపోవడం నేను చాలా చోట్ల చూశాను. "రిజిస్ట్రేషన్ అయిందండీ" అంటారు, సర్టిఫికెట్టు ఏ బీరువాలో ఉందో తెలియదు. కన్సల్టెంటు వచ్చేలోపు దాన్ని బయటకు తీసి చూసుకోవాలి, ఎందుకంటే చేయదగిన సలహా చట్టాన్ని బట్టి మారుతుంది. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఉన్న సంస్థ మిగులును సభ్యులకు పంచకూడదు. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద ఉన్న మ్యాక్స్ సంఘంలో ప్రభుత్వ వాటా ధనం ఉండదు, పెత్తనమంతా సభ్యులు ఆమోదించుకున్న నియమావళిదే. 1964 చట్టం కింద ఉన్న సహకార సంఘంపై ప్రభుత్వ పర్యవేక్షణ ఎక్కువ. ఉత్పత్తిదారుల కంపెనీ అయితే కంపెనీల చట్టం వర్తిస్తుంది: కనీసం పదిమంది ఉత్పత్తిదారులు, అయిదు నుంచి పదిహేను మంది వరకు డైరెక్టర్లు, పూర్తికాలపు సీఈఓ ఉండాలి, ఏటా రిటర్నులు వేయాలి. స్వచ్ఛంద సంస్థలలో ఏళ్ల తరబడి పనిచేసి వచ్చిన కన్సల్టెంటు రైతుల కంపెనీకి కూడా గ్రాంటుల భాషలోనే సలహా చెబుతాడు. పెద్ద కంపెనీల నుంచి వచ్చినవాడు గ్రామ సమాఖ్య అధ్యక్షురాలిని మేనేజింగ్ డైరెక్టరులా చూస్తాడు. ఎవరు వచ్చినా మొదటి రోజే నియమావళి ప్రతి చేతికిచ్చి, "చదివి రండి, తరువాత మాట్లాడుకుందాం" అనడంలో తప్పు లేదు.

మనిషిని ఎంచుకోవడం

బయోడేటా చూసి మోసపోకండి. ఆయన ఇంతకుముందు పనిచేసిన మూడు సంఘాల పేర్లు అడిగి, వాటిలో రెండింటికి మీరే ఫోను చేయండి. అధ్యక్షులతో పాటు అక్కడి బుక్ కీపరుతో కూడా మాట్లాడండి, ఎందుకంటే కన్సల్టెంటు వెళ్లిపోయాక ఆ కాగితాలతో కుస్తీ పట్టేది బుక్ కీపరే. "ఆయన చేసిపెట్టినది ఇప్పుడు మీరు సొంతంగా చేసుకుంటున్నారా?" అన్న ఒక్క ప్రశ్న అడిగితే చాలు, సగం సంగతులు తెలిసిపోతాయి. కన్సల్టెంటును కూడా ఒకటి అడగండి: ఆయన సలహా ఫలించని సంఘం ఏది, ఎందుకు ఫలించలేదు? అలాంటిదేదీ లేదని చెప్పేవారి విషయంలో నేనైతే కొంచెం ఆగుతాను.

ముఖాముఖి సంఘం కార్యాలయంలోనే, సభ్యుల ఎదుట, తెలుగులో జరగాలి. విజయవాడ హోటలులో పవర్‌పాయింటు చూసి మనిషిని ఖాయం చేసుకున్న పాలకవర్గం, తరువాత ఊళ్లో ఆయన మాట ఎవరికీ అర్థం కాక తల పట్టుకోవడం చూశాను. చాపల మీద కూర్చున్న ముప్పైమంది ఆడవాళ్లకు "బ్రేక్ ఈవెన్" (ఖర్చు, రాబడి సమానమయ్యే స్థితి) అంటే ఏమిటో మిర్చి టిక్కీల (బస్తాల) లెక్కతో చెప్పగలిగిన మనిషి దొరికితే ఆయన్ను వదులుకోవద్దు.

రెండు రకాల బేరాలకు మాత్రం ఎంత మొహమాటం ఉన్నా ఒప్పుకోకూడదు. మంజూరైన గ్రాంటులోనో అప్పులోనో ఇంత శాతం తనకివ్వాలనే బేరం మొదటిది. దీనివల్ల కన్సల్టెంటుకు మీ అవసరం కంటే పెద్ద ప్రాజెక్టు మీద ఆసక్తి పుడుతుంది, షెడ్డు చాలిన చోట కోల్డ్ స్టోరేజీ మొలుస్తుంది. రెండవది, యంత్రాలు అమ్మేవారి దగ్గర ఆయన కమీషను తీసుకోవడం. దీన్ని కనిపెట్టడం కష్టం కనుక, ఏ సరఫరాదారుతోనూ తనకు ఆర్థిక సంబంధం లేదనీ, ఉంటే ముందే చెబుతాననీ ఒప్పందంలోనే రాయించుకోవాలి. అలా రాయడానికి నిజాయితీపరులు అభ్యంతరం చెప్పరు.

ఒప్పందం

నాలుగు పేజీలకు మించని ఒప్పందం, తెలుగులో, రెండు ప్రతులుగా రాసుకోవాలి. తీర్మానం పుస్తకంలోని ప్రశ్నను అందులో యథాతథంగా ఎక్కించాలి. ఎన్ని రోజుల పని, అందులో ఊళ్లో గడిపే రోజులు ఎన్ని, ఇంట్లో కూర్చొని రాసే రోజులు ఎన్ని అన్నది విడివిడిగా ఉండాలి. బస్సు చార్జీలు, భోజనం, బస ఎవరివో స్పష్టంగా రాయకపోతే చివరి బిల్లు దగ్గర మాట పట్టింపులు వస్తాయి.

ఫీజు వాయిదాలను తేదీలకు ముడిపెట్టవద్దు, పని దశలకు ముడిపెట్టండి. సంతకాల నాడు అయిదో వంతుకు మించకుండా అడ్వాన్సు ఇచ్చి, చిత్తు నివేదికను సభలో చదివి వినిపించిన తరువాత కొంత, తుది నివేదిక అందిన తరువాత కొంత ఇవ్వవచ్చు. చివరిగా కనీసం అయిదో వంతు మాత్రం, నేర్పవలసిన పనిని మీ మనిషి కన్సల్టెంటు లేకుండా ఒకసారి చేసి చూపించే దాకా చేతిలోనే ఉంచుకోండి. పన్నుల సంగతి ముందే మాట్లాడుకోవాలి. ఉదాహరణకు 1,20,000 రూపాయల ఫీజు అనుకుంటే, కన్సల్టెంటుకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నప్పుడు 18 శాతం చొప్పున 21,600 రూపాయలు బిల్లులో అదనంగా కలుస్తాయి. వృత్తిపరమైన ఫీజుపై 10 శాతం చొప్పున 12,000 రూపాయలు, చెల్లింపులోంచి ముందే కోసే ఆదాయపు పన్ను, అంటే టీడీఎస్‌గా మినహాయించి ప్రభుత్వానికి కట్టవలసిన బాధ్యత మాత్రం సంఘానిది. దీనికి సంఘం పేరిట ట్యాన్ (పన్ను మినహాయించేవారికి ఇచ్చే ఖాతా) నంబరు ఉండాలి. ఇది ముందు తెలియక పూర్తి మొత్తం చెల్లించి, ఆడిట్‌లో ఇబ్బంది పడి, టీడీఎస్ సొమ్మును సభ్యుల డబ్బులోంచి కట్టిన సంఘం నాకు తెలుసు. మీ ఆడిటరును ఒక్కమాట అడిగి ఆ తరువాతనే సంతకం పెట్టండి.

ఇక తాళాల సంగతి. తాళాలంటే ఈమెయిల్ పాస్‌వర్డు, పోర్టళ్ల లాగిన్‌లు, ఓటీపీ వచ్చే ఫోను నంబరు, డిజిటల్ సంతకపు టోకెను. కంపెనీ ఏర్పాటు చేసిపెట్టిన కన్సల్టెంటు దగ్గరే ఇవన్నీ ఉండిపోయిన ఒక రైతుల కంపెనీ వ్యవహారం చక్కదిద్దడానికి నేను కొంతకాలం తిరిగాను. ఇద్దరు డైరెక్టర్ల డిజిటల్ టోకెన్లు ఆయన సొరుగులో ఒక కవరులో ఉన్నాయి. కంపెనీ ఈమెయిల్ ఆయన సహాయకుడి ఫోను నంబరుకు ముడిపడి ఉంది, ఆ సహాయకుడు ఉద్యోగం మానేసి హైదరాబాదు వెళ్లిపోయాడు. ఫీజు విషయంలో మాట తేడా వచ్చిన నాటి నుంచి రిటర్నులు ఆగిపోయాయి. ఆలస్యమైన ఒక్కొక్క ఫారానికి రోజుకు 100 రూపాయల చొప్పున అదనపు రుసుము పడుతూనే ఉంటుంది. వరుసగా మూడేళ్లు దాఖలు చేయకపోతే డైరెక్టర్లు అయిదేళ్ల పాటు అనర్హులవుతారు. పొలం పనులు చేసుకునే డైరెక్టర్లలో ఈ మాట విన్నవారు ఎవరూ లేరు. టోకెన్లు తిరిగి వచ్చిన రోజున వాటి గడువు తీరిపోయి ఉంది. అందువల్ల లాగిన్‌లన్నీ సంఘానికి చెందిన ఫోను నంబరుతోనే తెరవాలనీ, టోకెన్లు సంఘం బీరువాలోనే ఉండాలనీ, కన్సల్టెంటు వాటిని సంఘం ప్రతినిధి ఎదుట మాత్రమే వాడాలనీ ఒప్పందంలో రాయండి. చెక్కుబుక్కు గురించి వేరే చెప్పనక్కరలేదు.

సేకరించిన సమాచారం, ఎక్సెల్ షీట్లు, ఫోటోలు సంఘం ఆస్తి అని ఒక వాక్యం ఉండాలి. సభ్యుల ఆధార్, పాస్‌బుక్ నకళ్లను అవసరం లేకుండా ఇవ్వవద్దు. పదిహేను రోజుల నోటీసుతో ఏ పక్షమైనా విరమించుకోవచ్చనే నిబంధన కూడా మంచిది.

పని జరిగేటప్పుడు

కన్సల్టెంటుకు సంఘం నుంచి ఒక మనిషిని జత చేయాలి. ఊరి గురించి తెలిసి, రాయడం చదవడం వచ్చి, ఇంకో అయిదేళ్లు ఊళ్లోనే ఉండే మనిషి అయితే మేలు. డిగ్రీ చదివిన కోడలు పిల్లలు ఈ పనికి బాగా పనికివస్తారు. వారికి రోజుకు ఇంత అని గౌరవ వేతనం ఇవ్వండి, ఊరికే తిరగమనవద్దు. సర్వేకు వెళ్లినా, యార్డులో కమీషను వ్యాపారితో మాట్లాడినా, బ్యాంకుకు వెళ్లినా ఆ మనిషి పక్కన ఉండవలసిందే. కన్సల్టెంటుకు ఇది మొదట్లో కొంచెం చిరాకుగా ఉంటుంది.

పని రోజులు పంటల క్యాలెండరు చూసి వేసుకోవాలి. జులై, ఆగస్టులలో డెల్టాలో నాట్లు, ఫిబ్రవరి నుంచి పల్నాడులో మిర్చి కోతలు ఉంటాయి. ఆ రోజులలో ఉదయం పదకొండు గంటలకు సమావేశం పెడితే కూలి వదులుకొని ఎవరూ రారు. వచ్చిన నలుగురు మోతుబరుల అభిప్రాయమే "గ్రామస్తుల అభిప్రాయం"గా నివేదికలోకి ఎక్కుతుంది. సాయంత్రం ఏడు దాటాక, వంటలు అయ్యాక పెట్టండి. కౌలు రైతులు, ఎస్సీ కాలనీలోని సభ్యులు రాకపోతే వారి దగ్గరకే వెళ్లి మాట్లాడమని కన్సల్టెంటుకు చెప్పండి. ఊరి నడుమ రామాలయం అరుగు మీద పెట్టిన సభకు అందరూ వచ్చినట్టేనని బయటి మనిషి అనుకోవడం సహజం. అందరూ వస్తారా రారా అన్నది మీకు తెలుసు.

రెండు వారాలకు ఒకసారి అరగంట కూర్చొని, ఇప్పటివరకు ఏమి తేలింది, ఏమి మారింది అని అడిగి, జవాబులు తీర్మానం పుస్తకంలో రాసుకోండి. వచ్చిన ప్రతిసారీ కొత్త పథకం పేరు చెబుతూ అసలు ప్రశ్నను పక్కకు జరిపే కన్సల్టెంట్లు ఉంటారు. అలాంటప్పుడు మర్యాదగానే, "అయ్యా, అది బాగానే ఉంది, మన పసుపు లెక్క ఎక్కడిదాకా వచ్చింది?" అని అడగాలి. రెండు గడువులు దాటినా చిత్తు నివేదిక అందకపోతే, నోటీసు ఇచ్చి అప్పటివరకు జరిగిన పనికి లెక్క కట్టి ముగించడం మేలు. ఇప్పటికే ఇంత ఖర్చయింది కదా అని సాగదీసిన చోట ఇంకొంత పోవడమే కాని, పోయినది తిరిగి రాగా నేను చూడలేదు.

నివేదిక చేతికి వచ్చాక

చిత్తు నివేదికను తెలుగులో, సభ్యుల ఎదుట, పైకి చదివించాలి. అంకెలు వచ్చిన ప్రతిచోటా ఆగి, ఈ అంకె ఎక్కడిది అని అడగాలి. కూలి రేటు, ఎకరా దిగుబడి, బాడుగ లాంటి వాటిలో పొరపాటు ఉంటే సభ్యులు వెంటనే పట్టుకుంటారు. ఒకచోట మిర్చి కోత కూలి రెండేళ్ల కిందటి రేటు వేశారు. వెనక వరుసలోంచి ఒకావిడ, "ఆ కూలికి ఎవరొస్తారో పేర్లు చెప్పండి బాబూ, రేపే పిలుచుకుంటాం" అనేసరికి సభంతా నవ్వింది, కన్సల్టెంటు కూడా నవ్వి పెన్ను తీసి దిద్దుకున్నారు. ఆ ఒక్క అంకె మారడంతో లాభం లెక్క మూడో ఏటి నుంచి అయిదో ఏటికి జరిగింది. బ్యాంకుకు ఇంగ్లీషు ప్రతి కావాలంటే, తెలుగు ప్రతి ఖాయమైన తరువాత తయారు చేయించుకోండి.

నివేదికలో చెప్పినదంతా చేయాలని ఏమీ లేదు. ఏది చేయాలో, ఏది వద్దో మహాజన సభలో చర్చించి, కారణాలతో సహా తీర్మానం రాయండి. అది మీ నిర్ణయమే కనుక రేపు నష్టం వచ్చినా లాభం వచ్చినా బాధ్యత సంఘానిదే అవుతుంది. "కన్సల్టెంటు చెప్పారు కాబట్టి చేశాం" అన్న మాట ఆడిటులో గాని, సభ్యుల ఎదుట గాని నిలవదు.

చివరి వాయిదా చెల్లించే ముందు, జత చేసిన మనిషిని పిలిచి, కన్సల్టెంటు గదిలో లేని సమయంలో, నివేదికలోని ప్రధాన లెక్కను తెల్ల కాగితం మీద మళ్లీ వేసి చూపమనండి. కొల్లిపర సమాఖ్యలో ఆ పని చేసిన అమ్మాయి మొదట ఆరబెట్టాక పోయే తూకాన్ని మరిచిపోయి, పచ్చి పసుపు బరువుకే ఎండు పసుపు రేటు కట్టింది. లెక్క మరీ తీపిగా వచ్చేసరికి తనకే అనుమానం వచ్చి, కాగితం తిప్పి మళ్లీ మొదలుపెట్టింది. రెండోసారి వచ్చిన అంకె నివేదికలోని అంకెకు కొద్ది వందల తేడాతో సరిపోయింది. అధ్యక్షురాలు ఆ కాగితాన్ని ఫైలులో పెట్టించి, చెక్కు మీద సంతకం చేశారు.